తెరకు అవతలి మణికట్టు

నమోదు 1107

మిషన్ వేడెక్కేదాకా చేతులు ఖాళీ. అందుకే రాస్తున్నాను. నిజానికి ఈ నమోదులో మిషన్ సంగతులు తప్ప మరేవీ ఉండకూడదు. అంకె ముందే తెలిసిన రక్తం పోశాను, ఆ అంకే వచ్చింది, గాలి ఫ్యాన్ ఆడుతోంది. అంతటితో సరి. కానీ దీన్ని చదివేవాడు ఎవడూ లేడు. చదవనివాడి కోసం పొదుపుగా రాయడం దేనికి?

పని ఎప్పటిదే. మొదటి షిఫ్టు సైరన్‌కు లేచాను. మిషన్ మీద పేరుకున్న బొగ్గు నుసిని తడిగుడ్డతో తుడిచాను. సూదులు మరిగించాను. గోడ కంతలోంచి తోసిన జొన్న గట్క గిన్నె అందుకున్నాను. తోసిన చేయి ఎవరిదో తెలియదు, ఎప్పుడూ గుడ్డ చుట్టుకునే తోస్తారు. గట్కలో ఉప్పు లేదు. ఈ మాట ఎవరితోనైనా అనాలనిపించింది. మిషన్‌తో అన్నాను. అది గుర్రుమంది.

తర్వాత తెర ముందు కూర్చున్నాను. నా బల్లకు ఎదురుగా గోడలో కిటికీ అంత ఖాళీ ఉంది. దానికి మందపాటి నల్లగుడ్డ వేలాడుతుంది. గుడ్డ మధ్యలో పిడికిలి పట్టేంత రంధ్రం. ఈ మూడో గనిలో బతికే జనమంతా ఒక్కొక్కరే వచ్చి అందులోంచి వేలు పెడతారు. నేను పొడిచి, చుక్క తీసుకుని, దూది అద్దుతాను. వేలు వెళ్లిపోతుంది. అవతల బెంచీ మీద కూర్చునే గట్టయ్య టోకెన్ నంబరు చదువుతాడు. ఆ నంబరే సీసా మీద రాస్తాను. పేరుండదు, పలకరింపు ఉండదు.

రక్తం కొలిచేవాడు మనిషిని చూడకూడదనేది ఇక్కడి రివాజు. చూస్తే జాలి పుడుతుందట, జాలి పుడితే అంకె మారుతుందట. కొలిచేవాడికి ఊళ్లో చుట్టాలు కూడా ఉండకూడదని నన్ను ఐదో గని నుంచి తెచ్చుకున్నారు. నేను వచ్చిన కొన్నాళ్లకే రెండు గనుల మధ్య సొరంగంలోకి నీళ్లు వచ్చాయి. ఫోను తీగ కూడా పోయింది. మా అన్న ఐదో గనిలోనే ఉండాలి. ఉండాలి అని రాయడం తప్ప నేనేం చేయగలను?

కాబట్టి నాకు తెలిసిన జనమంతా వేళ్లే. పసుపు మరక వదలని వేలు వంటశాలది. గోరు సగం లేనిది ఫ్యాన్ల మెకానిక్‌ది. ఒక ముసలావిడ ఉంది, ఎన్నో టోకెనో రాయకూడదు. పొడిచాక వెంటనే వేలు తీయదు. దూది అద్దిన నా వేలిని చిన్నగా ఒకసారి నొక్కి పోతుంది. అలవాటో, కండరం లాగడమో నాకు తెలియదు. ఆవిడ వచ్చే రోజు మాత్రం నేను గడ్డం గీసుకుంటాను. ఎవరు చూస్తారని అడగకండి.

నమోదు 1112

ఈ రోజు వేలు బదులు చెయ్యి మొత్తం వచ్చింది.

"సమ్మీ, ఒక్క వేలు పెట్టు బిడ్డా. గంతే సాలు" అంటోంది తల్లి. పేర్లు పిలవకూడదని గట్టయ్య గసిరాడు. తల్లి పేరు రజిత అని ఆ గసరడంలోనే తెలిసింది. ఆయన నియమం కాపాడే తీరు అలాంటిది.

"లోపల ఎవలున్నరే?" అని అడిగింది పిల్ల.

"ఎవల్లేరు. మిషనున్నది."

నేను మిషన్ వైపు చూశాను. అవును మరి, నిజమే.

ఆ పిల్ల నమ్మలేదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి గాలిలో తడిమింది. నా చొక్కా గుండీ దొరికితే పట్టుకుని లాగింది. మూడేళ్లు దాటిన చెయ్యి అది. నవ్వొచ్చింది, నోరు మూసుకున్నాను. వేలు పొడవడానికి ఆ చేతిని పట్టుకున్నప్పుడు నవ్వు ఆగిపోయింది.

మణికట్టు దగ్గర ఎముక ఉబ్బి ఉంది. కండ కాదు, వాపు కాదు. చర్మం కింద కడియం తొడిగినట్టు గట్టిగా, గుండ్రంగా ఉంది. ఐదో గనిలో నాకు పని నేర్పిన అనసూయమ్మ ఇలాంటి మణికట్టును నా చేత పట్టించి చూపించింది. ఎండ తగలని ఒంట్లో డి విటమిన్ తయారు కాదు. అది లేకపోతే తిండిలోని సున్నం, అదే కాల్షియం, పేగు దాటి ఒంటికి పట్టదు. పెరిగే ఎముక గట్టిపడకుండా చివర్లలో ఉబ్బుతుంది, ఒంటి బరువుకు కాళ్లు వంగుతాయి.

చుక్క తీసుకున్నాను. ఎనిమిదో తొమ్మిదో వస్తుందని నా లెక్క. పన్నెండు లోపు వస్తే పిల్లకు పొద్దుగదిలో రోజూ వంతు దొరుకుతుంది. అక్కడి ఊదారంగు ట్యూబుల కింద కూర్చుంటే చర్మం ఎండలో ఉన్నట్టే పనిచేస్తుంది. నాలుగు నెలల్లో ఎముక కోలుకుంటుంది.

మిషన్ ముప్ఫై ఎనిమిది చూపించింది.

ఇరవై దాటితే ఎముకకు ఢోకా లేదంటారు. ముప్ఫై ఎనిమిదంటే పైన పొలాల్లో తిరిగిన మా ముత్తాతల అంకె. అప్పటి ఎండకు మనుషులు చెమట పట్టి ఇంటికి వచ్చేవాళ్లట. ఇప్పటి ఎండలోకి ముసుగు లేకుండా పోయినవాడు ఇంటికి రాడు.

తెలిసిన రక్తం మళ్లీ పోసి చూశాను. సరైన అంకే వచ్చింది. మిషన్‌లో లోపం లేదు. ముప్ఫై దాటినవాళ్లకు వంతు ఉండదు. అదే రాసి కంతలోంచి బయటికి పంపాను. పంపక తప్పదు కాబట్టి పంపాను.

నమోదు 1113

గట్కలో ఉప్పు వేశారు. తినబుద్ధి కాలేదు.

నమోదు 1115

షిఫ్టు అయ్యాక తెర దగ్గరికి వెళ్లి గట్టయ్యను పిలిచాను. మిషన్ సంగతి అయితే ఆయనతో మాట్లాడవచ్చు. అంతవరకు రివాజు ఒప్పుకుంటుంది.

"ఆ చిన్నపిల్ల చెయ్యి మంచిగ లేదు గట్టన్నా. మణికట్టు ఉబ్బింది."

"నీకు మణికట్టుతోని ఏం పని? నీకు వేలిచ్చినం" అన్నాడు.

"చెయ్యంత పెట్టింది, పట్టుకున్న. పట్టుకున్నంక తెల్వకుండ ఎట్లుంటది?"

"అంకెంత?"

"ముప్ఫై ఎనిమిది."

"మరి?" అన్నాడు. బెంచీ కిర్రుమనడం వినిపించింది. ఆయనే అందుకున్నాడు. "ఓదేలూ, నువ్వు రాకముందు ఇక్కడ తెర లేకుండె. కొలిచేటోడు మనోడే, మనల పడి తిరిగేటోడే. బామ్మర్దుల పిల్లలకు తక్కువ అంకెలు రాసిండు. ఆళ్లంత పొద్దుగదిల కూసున్నరు. నా బిడ్డ మంచంల కూసున్నది. సంగతి తెలిసినంక జనం గదిల పడి ట్యూబులు పగులగొట్టిన్రు. ఎనిమిదింట్ల రెండు మిగిలినయ్. నా బిడ్డ నడుము ఇప్పటికీ సాపు గాలే. ఇయ్యాల నువ్వు మణికట్టు చూసి వంతిస్తే, రేపు ఒకడు మోకాలు చూపెడ్తడు, ఇంకొకడు కన్నీళ్లు చూపెడ్తడు. మల్ల మొదటికొస్తది."

ఆయన మాటలో తప్పేమీ లేదు. నన్ను బాధపెట్టింది అదే. మొండివాడైతే తిట్టుకుని పడుకునేవాణ్ని.

"ఇంకొక్కసారి కొలుస్త" అన్నాను.

"పిల్లలకు విడతకొక్కసారే. వచ్చే విడతల చూద్దాం" అని లేచి వెళ్లిపోయాడు.

వచ్చే విడత అంటే మూడు నెలలు. నడక మరిగిన పిల్ల ఎముకకు మూడు నెలలు చిన్న మాట కాదు. అడుగు వేసినకొద్దీ వంగుతుంది.

నమోదు 1116

సున్నం చాలకపోయినా మణికట్టు ఉబ్బుతుంది. అప్పుడు అంకె నిజమే అయి ఉండాలి. నా మనసు పిల్ల వైపు మొగ్గుతోందని నాకే అనుమానం వచ్చింది. ఆ అనుమానం తీర్చుకోవాలి కదా.

సమ్మి సీసాలో కొంచెం మిగిలింది. దాన్ని విటమిన్ లేని రక్తపు నీటితో సగానికి సగం పలుచన చేశాను. నిజంగా ముప్ఫై ఎనిమిది ఉంటే పందొమ్మిది రావాలి. తొమ్మిది వచ్చింది. పక్కన మరో పెద్దమనిషి రక్తాన్ని అలాగే పలుచన చేసి చూశాను. ముప్ఫైకి పదిహేను వచ్చింది. అంటే ఆ పిల్ల రక్తంలో ఏదో ఉంది, అది మిషన్‌ను ఆడిస్తోంది.

మిషన్ విటమిన్‌ను నేరుగా లెక్కపెట్టదు. కుర్చీలాట ఆడిస్తుంది. కుర్చీలు కొన్నే ఉంటాయి. రక్తంలోని విటమిన్ ఒక జట్టు, మేం కలిపే వెలిగే విటమిన్ ఇంకో జట్టు. రక్తంలో విటమిన్ ఎక్కువుంటే వెలిగేవాటికి కుర్చీలు దొరకవు, వెలుతురు తగ్గుతుంది. వెలుతురు ఎంత తగ్గితే అంకె అంత పెద్దది. కుర్చీలను అడుగున అతికించే జిగురులో బయోటిన్ అనే పదార్థం ఉంటుంది. మనిషి రక్తంలోనే బోలెడంత బయోటిన్ తిరుగుతుంటే అది ముందే వెళ్లి ఆ అతుకు చోటంతా ఆక్రమిస్తుంది. కుర్చీలు అతకవు. కడిగినప్పుడు వెలిగేవాటితో సహా కొట్టుకుపోతాయి. వెలుతురు లేదు కాబట్టి విటమిన్ దండిగా ఉందని మిషన్ అనుకుంటుంది. దానికి అంతకన్నా తెలియదు.

జుట్టు పెరగడానికి మింగే గోళీల్లో ఈ బయోటిన్ దండిగా ఉంటుంది. "జుట్టు గోళీలు మింగినోళ్లను వారం ఆగి రమ్మను" అని అనసూయమ్మ నాతో అనేది, వచ్చినవాళ్లందరినీ గోళీల సంగతి ముందే అడిగేది. అక్కడ తెర లేదు. పొడుస్తూ ఏం తిన్నావు, ఎట్లున్నావు, పెళ్లి ఎప్పుడని కూడా అడిగేది. నేను పక్కన నిలబడి ఇంత వాగుడు ఎందుకని విసుక్కునేవాణ్ని.

ఇక్కడ జుట్టు గోళీలు ఉన్నాయా? పైకి వెళ్లి పాత దుకాణాల్లో వెతికే జట్టు ఏం తెస్తుందో నాకు ఎవరు చెబుతారు? ఆ తల్లిని ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. ఆ ఒక్క మాటే నేను అడగకూడదు. అడిగితే ఈ విడత అంకెలన్నీ చెల్లవు. ఊరంతా మళ్లీ వేళ్లు పొడిపించుకోవాలి, అప్పటిదాకా పొద్దుగదికి తాళం.

గట్టయ్యతో పలుచన సంగతి చెప్పాను. ఓపికగానే విన్నాడు.

"నువ్వు అంకెను అంకెతోని కొడుతున్నవ్. మేం ఏ అంకెను నమ్మాలె?" అన్నాడు.

నమోదు 1118

అబద్ధం ఆడాను. సమ్మి చుక్క గడ్డకట్టిందని, మళ్లీ పంపమని చీటీ రాసి కంతలోంచి తోశాను. గడ్డకడితే మళ్లీ తీయడానికి నియమం ఒప్పుకుంటుంది. ముప్ఫై ఎనిమిది రాసి పంపిన చుక్క ఇప్పుడెలా గడ్డకట్టిందని గట్టయ్య అడుగుతాడేమోనని కంత దగ్గరే చెవి పెట్టి నిలబడ్డాను. అడగలేదు. అలసిపోయాడో, కావాలనే ఊరుకున్నాడో తెలియదు.

నమోదు 1119

ఇది రాసి పెట్టాలి.

తల్లి పిల్లను ఎత్తుకునే వచ్చినట్టుంది. బరువైందో ఏమో, తెర దగ్గర కింద దించిన చప్పుడైంది. అంతే, పిల్ల ఏడుపు అందుకుంది. "కాళ్లు నొస్తున్నయమ్మా, ఎత్తుకో" అంటోంది. రోజూ వినే ఏడుపులా తల్లి సముదాయిస్తోంది. గట్టయ్య టోకెన్ నంబరు చదివాడు.

నేను నోరు తెరిచాను.

"చెల్లే, పిల్లకు ఏమన్న గోళీలేస్తున్నవా?"

అవతల పిల్ల ఏడుపు ఆపింది. ఒక మనిషిని వరస పెట్టి పిలవక ఎన్నేళ్లయిందో, ఆ మాట నా నోటికే కొత్తగా తగిలింది.

"ఓదేలూ!" అని గట్టయ్య అరిచాడు.

"జుట్టుకు, గోళ్లకు వేసేటియి. ఉన్నయా లేవా? ఒక్కమాట చెప్పు చెల్లే, నీకు దండం పెడ్త."

ఆమె భయపడింది. ఎవరూ లేరని తాను బిడ్డకు చెప్పిన చోటు నుంచి మగగొంతు వస్తే ఎవరు మాత్రం భయపడరు? గట్టయ్య లేచి వస్తున్న చప్పుడు వినిపించింది. ఇంక ఆలోచించలేదు. గుడ్డ పట్టుకుని పక్కకు లాగేశాను.

వెలుతురు కళ్లలో పడింది. ఎదురుగా పాతికేళ్ల మనిషి, బిడ్డను కాళ్లకు అదుముకుని నిలబడింది. నన్ను చూసింది. నేనేం వింత మనిషినీ కాను. కానీ ఆమె చూపు చూస్తే నేనే తడబడ్డాను. తర్వాత కిందికి చూశాను. సమ్మి రెండు మోకాళ్లు ఒకదానికొకటి అందనంత దూరంగా ఉన్నాయి. పాదాలు మాత్రం దగ్గరగా ఉన్నాయి. నెత్తి మీద పలచటి నూగు.

"మా తమ్ముడు పైనుంచి డబ్బా తెచ్చిండు" అంది రజిత. "జుట్టు వస్తదని డబ్బా మీద ఆడమనిషి బొమ్మున్నది. దినాం పొడిజేసి గట్కల కలుపుతున్న. మూడేండ్లు నిండినయ్, దీనికి ఎంటికలు నిల్వలే. పుట్టెంటికలు గని మైసమ్మకు ఇస్తనని కడుపుల ఉన్నప్పుడే మొక్కిన. ఇయ్యాలంటే నెత్తి మీద ఎంటికలన్న ఉండాలె గద?"

ఆమె ఆగి, నా ముఖంలోకి చూసి, "నేనే చేసిన్నా? నేనే నా బిడ్డ కాళ్లు వంచిన్నా?" అంది.

"లేదు చెల్లే. గోళీ పిల్లనేం చెయ్యలే. మిషన్ను మోసం చేసింది. మిషన్ చెప్పిందని పొద్దుగదిల వంతు పోయింది. గోళీలు ఆపు, వారం ఆగి రా. అసలంకె వస్తది."

"వారం ఆపితే మైసమ్మ కోపం చెయ్యదా?"

గట్టయ్య వైపు చూశాను. ఆయన నా చొక్కా పట్టుకోవడానికే వచ్చాడు, చెయ్యి సగంలో ఆగింది. నేను ఊహించుకున్న మనిషి కాదు. బక్కగా, తెల్లటి కనుబొమలతో ఉన్నాడు.

"నడిచొచ్చి మొక్కేటోళ్లే మైసమ్మకు కావాలె బిడ్డా. ఎంటికలు తర్వాతనన్న ఇయ్యొచ్చు" అన్నాడు ఆమెతో. తర్వాత నాతో, మెల్లగా, "కాళ్లు వంగినయని నాకూ కనపడ్డది ఓదేలూ. దినాం చూస్తున్న. అంకె మంచిగున్నది గదా, పెరుగుతుంటే సాపైతయనుకున్న" అన్నాడు.

అవతల కూర్చున్నవాడికి కాళ్లు కనిపించాయి, అంకె మీద నమ్మకం కుదిరింది. ఇవతల ఉన్నవాడికి అంకె మీద అనుమానం వచ్చింది, కాళ్లు కనిపించలేదు. మధ్యలో గుడ్డ. నాకు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. గుడ్డ ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే నిలబడ్డాను.

నమోదు 1121

గని కమిటీ కూర్చుంది. నన్ను పిలవలేదు, గోడ అవతల నుంచి గొంతులు వినిపించాయి. నన్ను పని నుంచి తీసెయ్యాలన్నారు కొందరు. తీసేస్తే మిషన్ ఎవరు నడుపుతారని గట్టయ్య అడిగాడు. ఐదో గనికి దారి లేదు, ఇంకొకర్ని తెచ్చే వీల్లేదు. దాంతో నన్ను ఉంచారు. గెలిచినట్టా, ఓడినట్టా?

ఈ విడత అంకెలన్నీ కొట్టేశారు. అందరి వేళ్లూ మళ్లీ పొడవాలి. ఇకనుంచి ఎవరేం మింగుతున్నారో గట్టయ్య ముందే అడిగి, మింగేవాళ్లను ఆపి పంపుతాడు. నాకు ఏదైనా అనుమానం వస్తే మాట్లాడకూడదు, బల్ల మీద పెట్టిన గంట కొట్టాలి. అప్పుడు గట్టయ్య మనిషిని చూసి కమిటీకి చెబుతాడు. ఇంత దూరం వస్తారని నేను అనుకోలేదు.

ఇంకొకటి కూడా చేశారు. గుడ్డ తీసేసి ఇనుప రేకు బిగించారు. అందులో వేలు పట్టేంత కన్నం పెట్టారు. చెయ్యి రాదు, మణికట్టు రాదు. బిగించేవాడు సుత్తితో కొడుతున్నంతసేపూ నేను ఇవతల కూర్చుని ప్రతి దెబ్బకూ కళ్లు మూసుకున్నాను.

నమోదు 1128

సమ్మి చిన్న వేలు రేకు కన్నంలోంచి వచ్చింది. వారం ఆగి వచ్చింది. కమిటీవాళ్లు ఇద్దరు అవతల నిలబడి ఉన్నారు. నేను పొడిచాను, చుక్క తీసుకున్నాను, మిషన్‌లో పెట్టాను.

ఆరు వచ్చింది.

ఇన్నేళ్లలో తక్కువ అంకె వస్తే గుండె జారేది. ఈ రోజు ఆరు చూసి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. పలుచన చేసి కూడా చూశాను, మూడు వచ్చింది. ఇక ఎవరూ కాదనలేరు. రేపటి నుంచి పొద్దుగదిలో రోజూ వంతు. సున్నపు పొడి కూడా ఇవ్వమని రాశాను.

నమోదు 1134

రెండు ట్యూబులకు ఇన్ని వంతులే ఉంటాయి. సమ్మికి వంతు రావాలంటే ఎవరిదో తగ్గాలి. పద్నాలుగు అంకె ఉన్న ఒకరి వంతును రోజు విడిచి రోజు నుంచి వారానికి ఒక రోజుకు తగ్గించారు. ఎవరిదో నాకు చెప్పలేదు.

ఈ రోజు తెలిసింది. ఆ ముసలావిడ వేలు వచ్చింది. పొడిచాను, దూది అద్దాను. వేలు బిగుసుకుని కర్రలా ఉంది. నొక్కలేదు. దూది సరిగ్గా అంటకముందే వెనక్కి లాగేసుకుంది. రేకు అంచుకు గీరుకుంది కూడా, చిన్న రక్తపు గీత మిగిలింది. అవతల ఎవరో "పిల్లకు మామనట గద" అనడం, ఇంకెవరో నవ్వడం వినిపించింది.

తడిగుడ్డతో రేకు తుడిచాను. నేను చేసింది తప్పు కాదని తెలుసు. ఆవిడ బాధ కూడా తప్పు కాదు. ఆవిడకు ఈ మాట చెప్పే వీలుంటే ఎంత బాగుండేది! గంట కొట్టి చెప్పే సంగతి కాదు కదా. ఈ రోజు గట్క గిన్నె వచ్చినట్టే వెనక్కి తోసేశాను.

నమోదు 1150

రేకు కన్నంలోంచి గాలి కూడా సరిగా రావడం లేదు. ఇదివరకు గుడ్డ కదిలితే అవతలి మనిషి చీర రంగు అంచు కనపడేది. ఇప్పుడు అదీ లేదు. గొంతులు కూడా డబ్బాలోంచి వచ్చినట్టే వస్తున్నాయి. నేను మాత్రం మిషన్‌తో ఎక్కువగా మాట్లాడుతున్నాను. ఈ మధ్య దాన్ని వరస పెట్టి పిలుస్తున్నానని ఇప్పుడే గమనించాను. బావ అంటున్నాను. అది పట్టించుకోదు.

ఒకసారి గంట కొట్టాను. ఒక కుర్రవాడి గోరు నీలంగా ఉంటే కొట్టాను. గట్టయ్య చూసి, సిరా అంటుకుందని చెప్పాడు. చెబుతూ నవ్వాడు. ఆ నవ్వు కోసం మళ్లీ ఎవరి గోరైనా నీలంగా వస్తే బాగుండనిపించింది.

నమోదు 1196

కొత్త విడత మొదలైంది. పిల్లల రోజు. సమ్మి ఎప్పుడొస్తుందా అని పొద్దుటి నుంచి ప్రతి చిన్న వేలినీ పరీక్షగా చూస్తున్నాను. పొద్దుగదిలో ఏమవుతోందో నాకెవరూ చెప్పరు. ట్యూబులు పాతవి. వాటి వెలుతురు కంటికి కనిపించినంత మాత్రాన చర్మానికి పనికొస్తుందన్న నమ్మకం లేదు. ఆ పిల్ల వంతు తెచ్చి, ఒకావిడ వంతు తీసి, చివరికి ఏమీ మిగలకపోతే? ఈ ఆలోచన ఈ రెండు నెలలూ నన్ను సరిగా పడుకోనివ్వలేదు.

చివరికి గట్టయ్య ఆ టోకెన్ చదివాడు. వేలు వచ్చింది. చల్లగా ఉంది. పొడిచాను, ఏడవలేదు. చుక్కను మిషన్‌లో పెట్టాను. మిషన్ తన పని తాను చేసుకుంటుంటే నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఇరవై రెండు వచ్చింది.

పలుచన చేశాను. పదకొండు వచ్చింది. ఇంకోసారి చేశాను. పదకొండే.

కుర్చీలో కూలబడ్డాను. అంకె మంచిదే. కానీ అంకె ఒకసారి మంచిదై కూడా ఆ పిల్ల కాళ్లు వంగే ఉన్నాయి కదా. కాళ్లు చూస్తే తప్ప నాకు నిమ్మళం లేదు, కాళ్లు చూసే దారి లేదు. గంట వైపు చూశాను. ఏమని కొట్టాలి?

అప్పుడు అవతల స్టూలు ఈడ్చిన చప్పుడైంది.

"సమ్మీ, ఎక్కకు, పడ్తవు!" అని రజిత గొంతు దూరం నుంచి వినిపించింది. పరుగెత్తుకు వస్తున్న గొంతు.

"పడ. ముని కాళ్ల మీద నిలబడ్డ, చూడు!"

"గట్ల నిలబడొద్దని చెప్పిన్నా లేదా" అని గట్టయ్య గసిరాడు. కానీ ఆపినట్టు లేదు. ఆయన లేచిన చప్పుడు నాకు వినిపించలేదు.

రేకు కన్నంలో వెలుతురు ఆరిపోయింది. ఏదో అడ్డొచ్చింది. వంగి చూశాను. కన్నం నిండా ఒక నల్లటి కన్ను. రెప్ప వేసి తెరిచింది. తల్లి చంకలో కాదు, స్టూలు మీద ముని కాళ్లతో, తన రెండు కాళ్ల మీద తానే నిలబడి చూస్తోంది.

"అమ్మా, మామ కనపడ్తలేడు. చీకటున్నది" అంది.

కొలిచేవాడు చూడకూడదనేది నియమం. కొలిచేవాణ్ని చూడకూడదని ఎక్కడా లేదు. నేను బల్ల మీది దీపాన్ని ముఖం దగ్గరికి జరుపుకున్నాను. ఈ రోజు గడ్డం గీసుకోలేదు. అయినా జరుపుకున్నాను.